కొలత ముందు, దరఖాస్తు తర్వాత

వెన్నుపూస దెబ్బతిని నడుము కింద కదలిక పోయిన మనిషికి వ్యాయామం చేయించడం మా పనిలో సులువైన భాగం. కొన్ని నెలల్లో చేతులకు బలం వస్తుంది. మంచం మీంచి వీల్‌చైర్‌లోకి జారడం నేర్చుకుంటాడు. ఒంటికి పుండ్లు పడకుండా చూసుకోవడం ఇంట్లోవాళ్లకు అలవాటవుతుంది. ఆ తర్వాత వీల్‌చైర్ గడప దగ్గర ఆగిపోతుంది. వాకిట్లోకి దిగడానికి మూడు మెట్లు. మరుగుదొడ్డి దొడ్లో ఉంటుంది, దాని తలుపు రెండడుగులు. అప్పుడు ఇంట్లోవాళ్లు అడిగేది ఒక్కటే: "ఇదంతా మార్పించుకోవాలంటే గవర్నమెంటు ఏమన్నా ఇస్తుందా మేడం?"

తుంగభద్రకు ఇటు కర్నూలు జిల్లా, అటు జోగులాంబ గద్వాల జిల్లా. రెండు వైపులా పల్లెల్లో ఇళ్లకు వెళ్లి చికిత్స చేసే ఫిజియోథెరపిస్టును నేను. నాతో చదువుకుని ఇంగ్లండులో పనిచేస్తున్న స్నేహితురాలికి ఈ ప్రశ్నకు సూటి జవాబుంది. అక్కడ ఇంటి మార్పుల కోసమే 'డిజేబుల్డ్ ఫెసిలిటీస్ గ్రాంట్' అని ఒక సాయం ఉంది. థెరపిస్టు వచ్చి అవసరం చూసి రాస్తే, కుటుంబ ఆదాయం లెక్కగట్టి స్థానిక కౌన్సిల్ 30,000 పౌండ్ల దాకా మంజూరు చేయవచ్చు. నేను తిరిగే పల్లెల్లో, ఉన్న ఇంటికి ర్యాంపు కట్టుకోవడానికో తలుపు వెడల్పు చేసుకోవడానికో అని పేరు పెట్టిన పద్దు నాకు ఎదురుపడలేదు. అలాగని డబ్బు లేదనుకోకూడదు. అది మరుగుదొడ్డి పేరుతో, ఇంటి పేరుతో, బీమా పేరుతో, పరికరాల పేరుతో వేర్వేరు ఆఫీసుల్లో ఉంది. అవసరాన్ని ముక్కలుగా విడదీసి ఏ ముక్క ఏ పద్దులో ఇముడుతుందో చూడడం మా పని. దీన్ని ఏ కాలేజీలోనూ నేర్పరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

టేపు

కాగితాల కంటే ముందు నేను టేపు తీస్తాను. నేల నుంచి గచ్చు ఎంత ఎత్తు? తలుపు పూర్తిగా తెరిచాక తలుపు అంచుకూ ఎదుటి దర్వాజాకూ మధ్య ఖాళీ ఎంత? దర్వాజా నుంచి దర్వాజాకు కొలిస్తే మోసపోతాం, తలుపు మందం అందులోంచి పోతుంది. మామూలు మడత వీల్‌చైరే పాతిక అంగుళాల పైమాటగా ఉంటుంది, చక్రం తిప్పే వేళ్లకు ఇరువైపులా చోటు కావాలి. మంచం ఎత్తు, వీల్‌చైర్ సీటు ఎత్తు, కమోడ్ ఎత్తు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా? లేకపోతే ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి మారిన ప్రతిసారీ ఇంకో మనిషి ఎత్తాలి.

కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు ర్యాంపు వాలు 1:12 ఉండాలంటాయి. అంటే అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. తలుపు 900 మిల్లీమీటర్లు, వీల్‌చైర్ తిరగడానికి 1,500 మిల్లీమీటర్ల చోటు. పల్లె ఇంట్లో అన్నీ కుదరవు. కానీ ఎంత కుదరడం లేదో తెలియాలంటే కూడా కొలవాల్సిందే.

కర్నూలు వైపు ఒక ఊళ్లో ఓ బేల్దారి పరంజా మీంచి పడ్డాడు. నేను వెళ్లేసరికి వీధి వాకిలికి సిమెంటు ర్యాంపు పోయించాలని, అందుకు భార్య గాజులు కుదువ పెట్టాలని నిర్ణయమైపోయింది. కొలిస్తే గచ్చు ముప్పై అంగుళాల ఎత్తుంది. ముప్పై అడుగుల ర్యాంపు కావాలి. వాళ్ల ఇంటి ముందు వీధే అంత లేదు. ఉన్న చోట్లో పోస్తే అది ర్యాంపు కాదు, జారుడు బండ. వీల్‌చైర్‌తో దిగితే మనిషి ముందుకు బోర్లా పడతాడు.

ఇల్లు చుట్టూ తిరిగి చూశాం. దొడ్డి వైపు నేల మిట్టగా ఉంది. వంటింటి తలుపు దగ్గర గచ్చుకూ నేలకూ తేడా పది అంగుళాలే. పదడుగుల ర్యాంపు చాలు, మరుగుదొడ్డి కూడా అటువైపే. ఖర్చు ఒక్కసారిగా మూడో వంతుకు దిగింది. గాజులు చేతికే ఉన్నాయి. ఇంటి మార్పులకు సాయం వెతకడంలో మొదటి మెట్టు ఇదే. ఖర్చు తగ్గించే కొలత ఏ గ్రాంటుకూ తీసిపోదు.

ప్లాస్టిక్ కవరు

టేపు చుట్టేశాక కాగితాలు అడుగుతాను. ప్రతి ఇంట్లోనూ బీరువాలోనో బియ్యం డబ్బా వెనకో ఒక ప్లాస్టిక్ కవరుంటుంది. బట్టల షాపు వాళ్లిచ్చిన కవరే చాలాచోట్ల. రేషన్ కార్డు, ఆధార్, ఆస్పత్రి డిశ్చార్జి కాగితాలు, పాస్‌బుక్కులు, పొదుపు సంఘం పుస్తకం, ఏజెంటు కట్టించిన బీమా బాండు అన్నీ అందులోనే. వాటిని చాప మీద పరిచి ఒక్కోటీ చదువుతాను.

ముందు వెతికేది సదరం సర్టిఫికెట్. వైకల్యం 40 శాతం లేదా ఆ పైన ఉందని అది చెబితేనే మిగతా తలుపులు తెరుచుకుంటాయి. అది లేకపోతే దాని వైద్య పరీక్షకు స్లాటు బుక్ చేయించడమే ఆ రోజు పని, మరే దరఖాస్తూ రాయను. ఇప్పుడు దేశమంతటా చెల్లే యూడీఐడీ కార్డు కూడా ఉండాలి. పరికరాలిచ్చే క్యాంపుల్లో దాన్నే అడుగుతున్నారు.

తర్వాత పాస్‌బుక్. బేల్దారి పాస్‌బుక్‌ను అతని భార్య చేతిలోంచి తీసుకుని ఒక్కో వరుసా వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాను. గ్యాసు రాయితీ, సంఘం కంతు, ఏటీఎం... ఒకచోట ఇరవై రూపాయల కోత కనిపించింది.

"అదా! ఏందో ఇరవై కట్ చేస్తాండారని బ్యాంకోళ్లతో కొట్లాడొచ్చినా మేడం" అంది.

"కొట్లాడినావు గానీ ఆపించలేదు కదమ్మా?"

"యాడ ఆపినారు!"

ఆపకపోవడమే మేలైంది. అది ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రీమియం. 2015లో మొదలైన పథకం, ఏడాదికి 20 రూపాయలు ఖాతాలోంచి వాటంతట అవే పోతాయి. ప్రమాదంలో చనిపోతేనే డబ్బు వస్తుందని చాలామంది అనుకుంటారు. రెండు కాళ్లో రెండు చేతులో శాశ్వతంగా పనిచేయకుండా పోయినా 2 లక్షల రూపాయలు ఇవ్వాలి. ఒక కాలో చెయ్యో పోతే లక్ష. ఖాతా ఉన్న బ్యాంకులోనే క్లెయిము ఫారం, ఆస్పత్రి రికార్డు, వైకల్య ధ్రువపత్రం ఇవ్వాలి. ఆలస్యం చేసేకొద్దీ ప్రశ్నలు పెరుగుతాయి. ఈ ఇంటికి డబ్బు రావడానికి నెలలు పట్టింది, కానీ వచ్చింది. దొడ్డి వైపు ర్యాంపు, తలుపులు, మరుగుదొడ్డి మార్పు అన్నీ అందులో కొంత భాగంతోనే అయిపోయాయి.

బేల్దారులు, సెంట్రింగు పనివాళ్లు, పెయింటర్ల ఇళ్లలో ఇంకో కాగితం కోసం చూడాలి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు అది. 1996 నాటి చట్టాలతో మొదలైన ఈ నిధిని నిర్మాణ వ్యయంపై వసూలు చేసే సెస్సుతో నడుపుతారు. కార్డు గడువులో ఉంటే ప్రమాదంలో వైకల్యం వచ్చినప్పుడు సాయం అడిగే హక్కు ఉంటుంది. పని చేయిస్తుండగా జరిగిన ప్రమాదమైతే చట్టప్రకారం కాంట్రాక్టరు నుంచి కూడా పరిహారం కోరవచ్చు. "మేస్త్రీ మనవాడే, ఎట్లా అడుగుతాం?" అని మొహమాట పడతారు. పరిహారం అడగడం పగ కాదు, చట్టం ఇచ్చిన లెక్క అని నచ్చజెప్పాలి.

రోడ్డు ప్రమాదమైతే దారి వేరు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలని 2019 సవరణ చెబుతోంది. వకీలు ఆస్పత్రి బిల్లులు తీసుకుంటారు గానీ ఇంటి సంగతి అడగరు. అందుకే మెట్ల ఫొటో, తలుపు కొలత, ఇంజనీరు సంతకం పెట్టిన అంచనా ఒకటి తయారుచేసి కేసు కట్టలో చేర్పిస్తాను. మున్ముందు పడే ఖర్చును ఆధారంతో చూపితేనే కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోగలదు.

నెల జీతం వచ్చేవాళ్లకు ప్రావిడెంట్ ఫండ్ ఉంది. ఈపీఎఫ్ పథకంలోని 68-ఎన్ పేరా, వైకల్యం ఉన్న సభ్యులు తమ ఇబ్బంది తగ్గించే పరికరం కొనుక్కోవడానికి తిరిగి కట్టనక్కర్లేని అడ్వాన్సు ఇస్తుంది. ఇంటి మార్పులకూ వేరే పేరా ఉంది. ఈ పేరాలన్నింటినీ కుదించి కలపాలని 2025లో నిర్ణయించారు కాబట్టి, ఏ పేరుతో అడగాలో ఆఫీసులో కనుక్కుని రాయడం మంచిది.

ఒక పద్దుకు ఒక అర్జీ

సోమవారం కలెక్టరాఫీసు ముందు అర్జీలు పట్టుకుని నిలబడే వాళ్లలో మా పేషెంట్లూ ఉంటారు. "నా కొడుకు కుంటివాడు, ర్యాంపు కట్టించి, బాత్రూము కట్టించి, బండి ఇప్పించి, పింఛను పెంచి ఆదుకోగలరు" అని ఒకే కాగితంలో అన్నీ రాయిస్తారు. ఆ కాగితం ఏ శాఖకు పంపాలో తేలక, పంపిన శాఖ "మా పరిధిలో లేదు" అని మూసేస్తుంది. నేను ఒక పద్దుకు ఒక అర్జీ రాయిస్తాను. మరుగుదొడ్డి సంగతి స్వచ్ఛ భారత్ చూసే శాఖకు. ఇంటి కోటా సంగతి గృహనిర్మాణ సంస్థకు. పరికరాలు విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ అసిస్టెంట్ డైరెక్టరుకు. ప్రతి అర్జీలోనూ పథకం పేరు, సదరం నంబరు, కావలసింది ఒక్కటే వాక్యంలో. రసీదు నంబరు అదే ప్లాస్టిక్ కవరులోకి.

మరుగుదొడ్డికి స్వచ్ఛ భారత్ కింద ఇంటికి 12,000 రూపాయలు. దారిద్య్రరేఖకు పైనున్న కుటుంబాల్లో కూడా వికలాంగులున్న ఇళ్లు అర్హుల జాబితాలో ఉన్నాయి. వికలాంగులకు వీలుగా మరుగుదొడ్డి ఎలా కట్టాలో కేంద్ర శాఖ 2015లోనే ఒక చేతిపుస్తకం అచ్చేసింది. అయినా ఊరూరా కట్టినవి రెండడుగుల తలుపు, రెండు మెట్లు, నేల బేసినుతోనే. ఒకసారి డబ్బు తీసుకున్న ఇంటికి మళ్లీ రాదు. కాబట్టి ఇంకా కట్టని ఇల్లయితే గుంత తవ్వకముందే మనం వెళ్లి చెప్పాలి. కట్టేసిన ఇల్లయితే పగలగొట్టకుండా బయటపడే దారి వెతకాలి. తలుపు తీసేసి బయటికి తెరుచుకునేలా మళ్లీ బిగిస్తే లోపల చోటు వస్తుంది. బేసిను మీద కమోడ్ కుర్చీ పెడితే తవ్వకం తప్పుతుంది. పట్టుకునే కడ్డీ మాత్రం ఊళ్లో వెల్డింగు షాపులో మందపాటి జీఐ పైపుతో చేయించి గోడలోకి కాంక్రీటు వేసి దించాలి. తువ్వాలు ఆరేసుకునే రాడ్డును కడ్డీ అనుకుని బరువు వేసి తుంటి విరగ్గొట్టుకున్న ముసలివాళ్లకు వైద్యం చేశాను.

కుర్చీలు, వాకర్లు, వీల్‌చైర్లు డబ్బు పెట్టి కొనకముందు రెండు పథకాలు అడగాలి. ఎడిప్ పథకం 1981 నుంచి ఉంది, అలింకో సంస్థ క్యాంపులు పెట్టి కొలతలు తీసుకుని ఇస్తుంది. ఒకసారి తీసుకుంటే మూడేళ్ల దాకా మళ్లీ ఇవ్వరు, పన్నెండేళ్ల లోపు పిల్లలకైతే ఏడాది. అరవై దాటిన పేదలకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన. అది మొదలైంది మన నెల్లూరులోనే, 2017 ఏప్రిల్ 1న. కమోడ్ వీల్‌చైర్ వంటివి కూడా ఇందులో వస్తాయి. క్యాంపు తేదీ తెలిసిన రోజే నా పేషెంట్ల జాబితా తీసి ఫోన్లు చేస్తాను, ఎందుకంటే క్యాంపు దాటితే మళ్లీ ఎప్పుడో.

పింఛను సంగతికొస్తే నది దాటగానే లెక్క మారిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వికలాంగుల పింఛను 6,000. మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైన తీవ్ర వైకల్యానికి 15,000. తెలంగాణలో 4,016. ఇది నెలనెలా వచ్చే డబ్బు, ఇంటి పనికి ఒక్కసారిగా కావాలి. ఈ రెంటికీ మధ్య వంతెన సంఘం. వికలాంగులు ఐదుగురుంటే చాలు స్వయం సహాయక సంఘం పెట్టుకోవచ్చు, మగవాళ్లూ ఉండొచ్చు. పొదుపు చేసి, బ్యాంకు అప్పు తీసుకుని, పింఛను వచ్చినప్పుడు కంతు కట్టుకుంటే వడ్డీ వ్యాపారి గడప ఎక్కే పనుండదు.

ఊరి నుంచి వెళ్లి బెంగళూరులోనో అమెరికాలోనో స్థిరపడినవాళ్లు సాయం చేస్తామంటారు. వాళ్లకు "ఎంతో కొంత పంపండి" అని చెప్పను. సిమెంటు బస్తాలు, బండలు, తలుపు, కమోడ్, కడ్డీలు, కూలి అని వరుసలు రాసిన ఒక పేజీ అంచనా పంపుతాను. ఒకరు తలుపు తీసుకుంటారు, ఇంకొకరు కమోడ్. తమ డబ్బు ఎక్కడ ఉందో వాళ్లకు కనబడుతుంది, చేతికొచ్చిన నగదు వేరే అవసరానికి కరిగిపోదు.

ముగ్గు పోసే రోజు

అన్నింటికంటే పెద్ద సాయం కొత్త ఇంటి మంజూరులో ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 37వ సెక్షను ప్రకారం గృహ పథకాల్లో 5 శాతం ఇళ్లను 40 శాతం లేదా ఆ పైన వైకల్యం ఉన్నవాళ్లకు కేటాయించాలి, అందులో ఆడవాళ్లకు ప్రాధాన్యం. పీఎం ఆవాస్ గ్రామీణ్ కింద మైదాన ప్రాంతంలో 1.20 లక్షలు. తెలంగాణ ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షలు, నాలుగు విడతల్లో.

కానీ ఆ కోటా కింద వచ్చిన ఇంటికి కూడా మూడు మెట్లు, ఇరుకు తలుపు పెట్టేస్తే వచ్చిన డబ్బే గోడై అడ్డం నిలుస్తుంది. అందుకే మంజూరు వార్త కంటే ముగ్గు పోసే తేదీ నాకు ముఖ్యం.

గద్వాల వైపు ఒక ఊళ్లో సెరిబ్రల్ పాల్సీ ఉన్న పాప తల్లికి ఇల్లు మంజూరైంది. పాప మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి వచ్చేది, ఎక్కువ రోజులు తల్లి చంకన. ముగ్గు పోసే పొద్దున వెళ్లి మేస్త్రీతో మాట్లాడాను. దర్వాజాలు మూడున్నర అడుగులు, బాత్రూము తలుపు బయటికి, లోపల వీల్‌చైర్ తిరిగే చోటు, గచ్చు వీధి కంటే మరీ ఎత్తు కాకుండా. మేస్త్రీ సుద్దతో పాప వీల్‌చైర్ చుట్టూ నేల మీద గీసి, దాన్ని తిప్పించి, చక్రాలు పోయిన మేర కొలిచాడు.

"ఇప్పుడే చెప్పిన్రు, మంచిదైంది మేడం. గోడ లేసినంక చెప్తే నేనేం చేద్దును? కడ్డీలు ఇటుకల్నుంచే దింపుతా" అన్నాడు.

అదనంగా అయిన ఖర్చు దర్వాజా కలపలో తేడా, రెండు కడ్డీలు. గోడలు లేచాక ఇదే పని చేయాలంటే ఎన్ని రెట్లయ్యేదో ఏ మేస్త్రీని అడిగినా చెబుతాడు.

డబ్బు సిద్ధంగా ఉన్నా పని ఆగేది గడప దగ్గర. పసుపు రాసి బొట్టు పెట్టిన గడప తీసేయమంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు, నేనూ అడగను. పెద్ద వాకిలి గడప అలాగే ఉంచి, దొడ్డి తలుపుకో పక్క తలుపుకో గడప లేకుండా చేస్తాం. అదీ కుదరకపోతే గడపకు అటూ ఇటూ చెక్కతో చిన్న వాలు. ఈశాన్యంలో బరువు పెట్టకూడదంటే, జారని ఇనుప పలకతో ఎత్తి పక్కన పెట్టుకునే ర్యాంపు చేయిస్తాం. అద్దె ఇళ్లకూ ఇదే మార్గం, ఇల్లు మారితే వెంట తీసుకుపోవచ్చు. నమ్మకాన్ని కించపరిస్తే మనల్ని రెండోసారి ఇంట్లోకి రానివ్వరు. నమ్మకం పక్కనుంచి దారి తీయడం మా వృత్తిలో భాగం.

బేల్దారి ఇంటి ర్యాంపుకు పాత జట్టువాళ్లే వచ్చి కూలి తీసుకోకుండా పనిచేశారు. అతను వీల్‌చైర్‌లో కూర్చుని దగ్గరుండి చేయించాడు. "బేతంచెర్ల బండ నున్నటి మొకం పైకి పెట్టొద్దురా, వానకు జారుతాది. గరుకు మొకం పెట్టు" అని ఒక్కో బండా తిప్పించాడు. అంచులకు రెండంగుళాల కట్ట కూడా అతని ఆలోచనే, చక్రం పక్కకు దిగకుండా.

ఇంటి మార్పుకు డబ్బు అడిగినప్పుడు అధికారులు దాన్ని వికలాంగుడికి చేసే దయగా చూస్తారు. నేను చూసే లెక్క వేరు. భర్తను రోజుకు నాలుగైదుసార్లు ఎత్తి దించే భార్య ఏ పనికీ పోలేదు. ఆమె నడుమూ పాడవుతుంది, నా దగ్గరికి రెండో పేషెంటుగా వస్తుంది. ర్యాంపు, కమోడ్, కడ్డీ పెట్టాక బేల్దారి భార్య మళ్లీ మిరప కోతలకు వెళ్లింది. అతను ఇంటి దగ్గరే కూర్చుని బేల్దారి పనులకు అంచనాలు రాసిస్తున్నాడు. ఒక ఇంటికి రెండు ఆదాయాలు తిరిగొచ్చాయి.

అందుకే పంచాయతీ స్థాయిలో, ఉన్న ఇంటిని మార్చుకోవడానికి చిన్న పద్దు ఒకటి పెట్టమని అవకాశం దొరికిన ప్రతిచోటా అడుగుతున్నాను. మంజూరయ్యే ప్రతి ఇంటి ప్లానులో మూడున్నర అడుగుల తలుపు గీయడానికి మాత్రం ఏ పద్దూ అక్కర్లేదు, ఇంజనీరు గీస్తే చాలు. వికలాంగుడు లేని ఇంట్లో కూడా ముసలితనం వస్తుంది కదా. ఈలోగా ఇది చదివేవాళ్ల ఇంట్లోనో పక్కింట్లోనో గడప దగ్గర ఆగిపోయిన మనిషి ఉంటే, అప్పు కోసం తిరగకముందు టేపు తీయండి. కొలతలు ఒక కాగితం మీద రాయండి. పాస్‌బుక్‌లో ఇరవై రూపాయల వరుస కోసం చూడండి. ఆ తర్వాత ఏ ఆఫీసుకు ఏ అర్జీ పోవాలో ఆ రెండు కాగితాలే చాలావరకు చెప్పేస్తాయి.